సారెకు మట్టి కరువు.. కొలిమికి పని బరువు
చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో చేతివృత్తుల తీరుతెన్నులు

చేవెళ్ల, మొయినాబాద్: హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిపై మర్రిచెట్ల వరుసల నడుమ సాగితే తొలుత మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల వస్తాయి. ఈ చెట్ల నీడన ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులు తీరి నగరానికి కూరగాయలు, ధాన్యం, కట్టెలు మోసుకెళ్లేవి. ఆ బండి చక్రాన్ని చేసింది ఊరి వడ్రంగి. చక్రానికి ఇనుప పట్టా తొడిగింది కమ్మరి. బండిలోని గంపలు మేదరి అల్లినవి. బండి తోలే రైతు దాహం తీర్చుకున్న కుండ కుమ్మరి చేసినది. ఆయన భుజంపై ఉన్న గొంగడి కురుమలు నేసినది. ఒక్క బండి రోడ్డెక్కితే ఊళ్లోని అయిదు వృత్తుల పనితనం దానితోపాటు కదిలేది.

నేడు అదే రోడ్డుపై ప్లాస్టిక్ ట్రేలలో టమాటా, గోనెసంచుల్లో పూలు నింపుకుని ఆటోలు, వ్యాన్లు పరుగెడుతున్నాయి. చేతివృత్తులకు ఆదరణ కరువైందన్న మాట ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. అయితే అన్ని వృత్తులూ ఒకే కారణంతో, ఒకే తీరుగా కుంగిపోలేదు. కొన్నింటికి గిరాకీ పోయింది. కొన్నింటికి గిరాకీ ఉన్నా ముడిసరుకు దొరకడం లేదు. ఈ రెండింటికీ మందు ఒక్కటి కాదు. చేవెళ్ల, మొయినాబాద్‌లలో రెండో రకం సమస్య మొదటిదానికన్నా తక్కువేమీ కాదు.

కల్లంలోనే కూలి

ఊరి చేతివృత్తులు మొదట అంగడిని నమ్ముకుని పుట్టినవి కావు. పన్నెండు మంది ఆయగాండ్లు అన్న మాట తెలంగాణ పల్లెల్లో పెద్దలందరికీ తెలిసిందే. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, రజకులు, నాయీబ్రాహ్మణులు తదితరులు ఏడాది పొడవునా రైతు కుటుంబాలకు పని చేసి పెట్టేవారు. చేసిన ప్రతి పనికీ వెల కట్టేవారు కాదు. పంట కోసి కల్లంలో రాశి పోసినప్పుడు ఎవరి వంతు గింజలు వారికి కొలిచి ఇచ్చేవారు. దీన్నే మేర అని కొన్నిచోట్ల, ఆయం అని మరికొన్నిచోట్ల పిలిచేవారు.

ఈ పద్ధతిలో మంచీ ఉంది, చెడూ ఉంది. కరువొచ్చినా వృత్తిదారుడికి ఎంతో కొంత తిండిగింజలు దక్కేవి. అయితే ఎంత నాణ్యమైన పని చేసినా కొలత పెరిగేది కాదు. వేరే ఊరికి వెళ్లి పని వెతుక్కునే స్వేచ్ఛ ఉండేది కాదు. పుట్టిన కులాన్ని బట్టే పని నిర్ణయమయ్యేది. తోలు పని చేసేవారికైతే పనికి తగిన గౌరవం కూడా దక్కలేదు. అందువల్ల ఆ పాత రోజులే రావాలని కోరుకునేవారు వృత్తిదారుల్లో అందరూ ఉండకపోవచ్చు.

వృత్తులు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడేవో తెలియాలంటే మోటబావిని గుర్తు చేసుకుంటే చాలు. బావి నుంచి ఎడ్లతో నీరు తోడే మోటకు తోలు సంచిని కుట్టేది చర్మకారులు. దానికి వేసే ఇనుప వలయం కమ్మరి పని. పైన తిరిగే గిరక, దాన్ని మోసే కర్రలు వడ్రంగి పని. బావిగట్టున రాతికట్టడం వడ్డెరల చేతి చలువ. కరెంటు మోటారు వచ్చింది, మోట మూలకు చేరింది. దాంతో నాలుగు వృత్తులకు ఒకేసారి పని తగ్గింది. ఆ తర్వాత బోర్లు వచ్చి బావులే పూడిపోయాయి. రైతుకు శ్రమ తప్పిందనడంలో సందేహం లేదు. ఆ మార్పు ఖర్చును మోసింది మాత్రం బావిగట్టున నిలబడని వారు.

కుండ వెనుక కష్టం

కుమ్మరి పనిని చాలామంది సారె తిప్పడంతో మొదలై సారె ఆగడంతో ముగిసేదిగా భావిస్తారు. నిజానికి సారెపై కుండ నిలిచేది కొద్ది నిమిషాలే. దానికి ముందు, తర్వాత చేసే పని రోజుల తరబడి సాగుతుంది.

మట్టి సేకరణ వేసవిలోనే జరగాలి. చెరువు ఎండి, నెర్రెలు విచ్చినప్పుడు అడుగున ఉన్న జిగట మట్టిని పొరలవారీగా తీస్తారు. పైన ఉండే ఇసుక కలిసిన ఒండ్రు కుండకు పనికిరాదు. మరీ లోతున ఉండే చౌడు, సున్నపురాళ్లు కలిసిన మట్టీ పనికిరాదు. సున్నపురాయి గురిగింజంత ముక్క మిగిలినా చాలు, కాల్చిన తర్వాత అది గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బి కుండను పగలగొడుతుంది. అందుకే మట్టిని ఎండబెట్టి, దంచి, రాళ్లు ఏరి, నీటిలో నానబెడతారు. తర్వాత జల్లించిన ఇసుకో, బూడిదో తగు పాళ్లలో కలిపి కాళ్లతో తొక్కుతారు. జిగట ఎక్కువైతే కుండ ఆరేటప్పుడు బీటలు వారుతుంది. ఇసుక ఎక్కువైతే సారెపై నిలవదు. ఆ పాళ్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఒక చెరువు మట్టికి పనికొచ్చిన లెక్క పక్క ఊరి చెరువు మట్టికి పనికిరాదు. చెరువు మారితే కుమ్మరి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసిందే.

సారె బరువుగా ఉంటుంది. ఆ బరువే దాని బలం. కర్రతో ఒకసారి వేగంగా తిప్పి వదిలితే కుండ మెడ, భుజం తయారయ్యేంత వరకు తిరుగుతూనే ఉంటుంది. సారె పైనుంచి దారంతో కోసి దించిన కుండకు అప్పటికి అడుగు ఉండదు. కాస్త ఆరాక లోపల గుండ్రని రాయి ఆనించి, బయటి నుంచి సలప అనే చెక్కతో కొడుతూ అడుగును మూస్తారు. గోడలను పలుచన చేసేది, కుండకు గుండ్రని పొట్ట వచ్చేలా చేసేదీ ఈ దెబ్బలే. చెయ్యి కాస్త బరువైతే చిల్లు పడుతుంది. తేలికైతే అడుగు మందమై పొయ్యిపై పగులుతుంది. కుమ్మరి వాడలో పొద్దంతా వినిపించే టపటప చప్పుడు దీనిదే. పనిలోని అసలు నైపుణ్యం సారె వద్దకన్నా సలప వద్దనే ఉందంటే అతిశయోక్తి కాదు.

నీడన ఆరిన కుండలకు ఎర్రమన్ను పూత పూసి ఆవంలో పేరుస్తారు. పిడకలు, కట్టెలు, గడ్డి పొరలుగా వేసి పైన మట్టి మెత్తుతారు. రాత్రి నిప్పంటిస్తే తెల్లవారేదాకా మంట కనిపెట్టుకుని ఉండాలి. గాలి ధారాళంగా ఆడితే కుండ ఎర్రగా వస్తుంది. పొగ లోపలే నిలిచిపోయేలా కప్పేస్తే నల్లకుండ వస్తుంది. రెండింటి మట్టీ ఒకటే. రంగు తేడా గాలిని బట్టి వస్తుంది. కాలుతున్న ఆవంపై వాన పడితే నెల రోజుల కష్టం పెంకుల పాలవుతుంది. అందుకే వానకాలంలో ఆవం వేయడానికి కుమ్మరులు జంకుతారు.

మట్టి కుండలో నీరు చల్లబడటానికి కారణం సైన్సు పాఠంలో ఉన్నదే. కుండ గోడలోని కంటికి కనిపించని రంధ్రాల నుంచి నీరు బయటకు ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచే తీసుకుంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఇది వేగంగా జరుగుతుంది. అందుకే వైశాఖంలో రంజన్ నీళ్లు గొంతు చల్లబరిచినంతగా శ్రావణంలో చల్లబరచవు. కుండకు రంగు పూసి అమ్మే కొత్త పద్ధతిలో చూపునకు అందం వస్తుంది గాని, పూత మందమైతే రంధ్రాలు మూసుకుపోయి నీరు చల్లబడదు. కొనేవారు గమనించవలసిన విషయమిది.

ఐరేని కుండ నుంచి బోనం దాకా

శాలివాహనులుగా పిలుచుకునే కుమ్మరుల చేతి కుండ లేనిదే తెలంగాణ పల్లెలో శుభకార్యం మొదలుకాదు. పెళ్లిలో రంగులద్దిన ఐరేని కుండలను కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకుంటారు. అందుకు ప్రతిగా కుమ్మరికి బియ్యం, బట్టలు, కట్నం ముట్టజెబుతారు. ఆషాఢంలో అమ్మవారికి సమర్పించే బోనం కొత్త కుండలోనే వండాలన్నది ఆచారం. దీపావళికి ప్రమిదలు కావాలి. చివరకు మనిషి కాటికి పోయేటప్పుడు ముందు నడిచేదీ కుండే.

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం బోనాలు, బతుకమ్మలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. పండుగల ఆర్భాటం పెరిగింది. అయితే మట్టి కుండ బదులు ఇత్తడి, స్టీలు బిందెలపై బోనం ఎత్తుకునేవారూ పెరిగారు. పైగా పండుగను నమ్ముకుని ఏడాదంతా బతకడం సాధ్యం కాదు. ఇంటికొక బోనపు కుండ, అరడజను ప్రమిదలు కొన్నంత మాత్రాన కుమ్మరి కుటుంబం పొయ్యి వెలగదు. వంటకు, నీళ్లకు, ధాన్యానికి, పెరుగుకు రకరకాల కుండలు కొన్న రోజుల్లోనే ఈ వృత్తి నిలబడింది. ఆ నిత్యావసరాన్ని అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్, ఆ తర్వాత ఫ్రిజ్ ఒకదాని వెంట ఒకటి తీసుకుపోయాయి.

మళ్లీ గిరాకీ పెంచే ప్రయత్నాలు జరగలేదని కాదు. 2004లో నాటి రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే స్టేషన్లలో మట్టి కప్పుల్లోనే చాయ్ అమ్మాలని ఆదేశించారు. కొన్నాళ్లకే మళ్లీ కాగితం, ప్లాస్టిక్ కప్పులు వచ్చేశాయి. 2018లో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ కుమ్మరుల కోసం ప్రత్యేక కార్యక్రమం చేపట్టి కరెంటుతో తిరిగే సారెలు పంపిణీ చేసింది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలకు అడ్డుకట్ట వేస్తూ మార్గదర్శకాలు సవరించింది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు పలువాటిపై దేశవ్యాప్తంగా నిషేధం అమల్లోకి వచ్చింది. కాగితం మీద ఇవన్నీ కుమ్మరికి అనుకూలమైనవే. కరెంటు సారె వల్ల భుజాల నొప్పి తగ్గింది, పని వేగం పెరిగింది. వేగం పెరిగితే మట్టి కూడా ఎక్కువ కావాలి. చిక్కు అక్కడే వచ్చి పడింది.

మట్టి ఎక్కడిది?

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటకు, ఈసీ హిమాయత్‌సాగర్‌కు చేరేది ఈ పరిసరాల గుండానే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత నగర రక్షణకు, తాగునీటికి ఈ రెండు జలాశయాలను నిర్మించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి నీరు కలుషితం కాకుండా ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ నంబరు జీవో జారీ చేసి, 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. ఆ జాబితాలోని ఏడు మండలాల్లో చేవెళ్ల, మొయినాబాద్ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాది మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని నాటి మంత్రివర్గం నిర్ణయించింది. 2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన సవరణతో చేవెళ్ల, మొయినాబాద్‌లు మున్సిపాలిటీల జాబితాలో చేరాయి.

జీవోపై చర్చ ఎప్పుడు వచ్చినా రైతుల భూమి ధర, నగర ప్రజల తాగునీరు అన్న రెండు మాటలే వినిపిస్తాయి. సెంటు భూమి లేని కుమ్మరి ఆ చర్చలో ఎక్కడా కనిపించడు. కాని భూమి చేతులు మారిన ప్రతిసారీ ఆయన వృత్తిపై ప్రభావం పడుతూనే ఉంటుంది. పాత రోజుల్లో ఊరి చెరువు మట్టికి ఎవరినీ అడగవలసిన పని లేదు. చెరువులో నీరుంటే పరిచయమున్న రైతు పడావు భూమి నుంచి నాలుగు బండ్ల మట్టి తెచ్చుకునేవారు. తుమ్మ కంప, ఎండు పొదలు ఊరి బంజరులో దొరికేవి. ఆ పొలం ఫాంహౌస్‌గా మారి చుట్టూ ప్రహరీ లేస్తే మట్టీ పోయింది, కంపా పోయింది. వాగుకు, కాలువకు అడ్డంగా గోడ వచ్చిన చోట చెరువుకు వరద రాదు. వరద రాని చెరువులో కొత్త ఒండ్రు చేరదు. కొత్త ఒండ్రు లేని చెరువు కుమ్మరికి అక్కరకు రాదు.

2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయతో రాష్ట్రవ్యాప్తంగా చెరువుల పూడిక తీశారు. ఆ మట్టి పొలాలకు బలమైన ఎరువుగా ఉపయోగపడింది. రైతుకు మేలు జరిగింది. అయితే యంత్రం పొరలను విడదీసి తవ్వదు. కుండకు పనికొచ్చే పొర, పనికిరాని పొర ఒకే ట్రాక్టరులో కలిసిపోతాయి. ఒక కుమ్మరి కుటుంబానికి ఏడాదికి కావలసింది కొన్ని ట్రాక్టర్ల మట్టే. పూడికతీతకు ముందు కుమ్మరులను పిలిచి, వారికి పనికొచ్చే చోటును గుర్తింపజేసి, ఆ కొద్దిపాటి మేర విడిచిపెడితే ఎవరికీ నష్టం ఉండదు. ఇందుకు నిధులు కూడా అక్కర్లేదు.

ఇనుము రంగు చూసి పదును

ఏరువాకకు ముందు కమ్మరి కొలిమి వద్ద రైతులు వరుస కట్టిన కాలం నలభయ్యేళ్లు దాటినవారికి గుర్తుండే ఉంటుంది. అరిగిన నాగలి కర్రును సాగగొట్టడం, గొడ్డలికి పదును పెట్టడం, కొడవలికి కక్కు కొట్టడం కమ్మరి నిత్యకృత్యాలు. ఎర్రగా కాలిన ఇనుమును నీటిలో ముంచితే గట్టిపడుతుంది. మరీ గట్టిపడితే పెళుసుబారి విరిగిపోతుంది. మెత్తగా ఉంటే పదును నిలవదు. అందుకే అంచును మాత్రమే ముంచి, మిగిలిన వేడి తిరిగి అంచుకు పాకేటప్పుడు మారే రంగును చూసి సరైన క్షణంలో చల్లారుస్తారు. ఎండలో ఆ రంగు తెలియదు. కొలిమిని పందిరి కింద చీకటి చాటున పెట్టుకోవడంలోని కిటుకు అదే.

ఈ విద్య తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని చరిత్ర చెబుతోంది. డమాస్కస్ కత్తులుగా పేరొందిన వాటికి దక్కన్ ఉక్కు వాడేవారు. నేటి పల్లె కమ్మరికి ఉక్కు దొరికేది పాత లారీల కమాను పట్టీల నుంచే. పాత ఇనుము దుకాణంలో తూకానికి కొన్న ఆ పట్టీ, కర్మాగారం నుంచి వచ్చే చౌక కొడవలి కన్నా ఎక్కువ కాలం పదును నిలుపుతుంది.

ట్రాక్టరు రాకతో నాగలి కర్రు పని పోయింది. కొలిమికి దెబ్బ తగిలింది అక్కడే. అయితే చేవెళ్ల పరిసరాల్లో పూలు, కూరగాయల సాగు విస్తారంగా ఉంది. ఈ పంటల్లో కలుపు తీయడం, కోయడం, పాదులు చేయడం ఇప్పటికీ మనుషుల చేతులతోనే సాగుతున్నాయి. చేతి పనిముట్లు అరగక తప్పదు, పదును పెట్టించక తప్పదు. గంప కమ్మరిపై ఉన్నంత భారం ఇక్కడ లేదనిపిస్తుంది గాని ఆదాయం లెక్క వేరు. కొడవలి పదునుకు ఇచ్చే డబ్బు బొగ్గుల ఖర్చుకు చాలకపోతే, పని ఉండి కూడా ఆకలి తప్పదు. గాలి తిత్తి బదులు చిన్న కరెంటు బ్లోయరు పెట్టుకున్నవారికి ఒక మనిషి కూలి మిగిలింది. సమ్మెట కొట్టే రెండో మనిషి మాత్రం ఇంట్లో పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిపోయాక దొరకడం కష్టమైంది.

వడ్రంగికి, కమ్మరికి విడదీయరాని బంధం ఉండేది. బండి చక్రమే అందుకు తార్కాణం. నడుమ దుంగ, దానికి గుచ్చిన ఆకులు, చుట్టూ వంపు ముక్కలు, అన్నీ నల్లతుమ్మ వంటి గట్టి కర్రతో బాడిస, ఉలి పట్టి వడ్రంగి సిద్ధం చేస్తాడు. ఇనుప పట్టాను కమ్మరి చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా వంచి అతుకుతాడు. పిడకల మంటలో కాల్చితే పట్టా వ్యాకోచిస్తుంది. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో పట్టి చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. చల్లారిన పట్టా బిగుసుకుని, ఆకులన్నింటినీ దుంగలోకి గట్టిగా నొక్కుతుంది. ఒక్క మేకు అవసరం లేకుండా చక్రం దశాబ్దాలు నిలిచేది. టైరు బండ్లు, ఆపై ట్రాక్టర్లు రావడంతో ఈ పని కనుమరుగైంది. వడ్రంగులు మాత్రం మిగిలిన వృత్తులవారి కన్నా తొందరగా దారి మార్చుకోగలిగారు. ఇళ్ల నిర్మాణం పెరగడంతో తలుపులు, కిటికీలు, ఫర్నిచర్ పనుల్లో కుదురుకున్నారు. ఉలి పట్టిన చేతికి యంత్రం పట్టడం కష్టం కాలేదు.

మేదరి గంపకు ట్రే పోటీ

కూరగాయల ప్రాంతంలో మేదరులకు పని ఉండాలి. టమాటాకు, పూలకు, ఆకుకూరలకు గంపలు కావలసిందే కదా. అయినా ఆ గిరాకీని ప్లాస్టిక్ ట్రే తన్నుకుపోయింది. ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చితే వ్యానులో చోటు కలిసొస్తుంది, కాయ నలగదు. రైతు ట్రే వైపు మొగ్గు చూపడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. గంప గుండ్రంగా ఉండటం తలపై మోసేవారికి వీలు. లారీకి మాత్రం అది వీలు కాదు.

చాట మాట వేరు. వెదురును నిలువునా చీల్చి, పై తొక్క ఉన్న దబ్బలను, లోపలి మెత్తని దబ్బలను వేరు చేస్తారు. గట్టిదనం కావలసిన అంచుకు తొక్క దబ్బ, అల్లికకు పలుచని దబ్బ వాడతారు. అల్లిన చాటకు పేడ, మెంతి ముద్ద పట్టించి ఆరబెడితే సందులు మూసుకుని బియ్యపు నూక జారిపోకుండా ఉంటుంది. చెరిగేటప్పుడు గింజ ముందుకు, పొట్టు బయటికి వెళ్లేలా చాట అడుగున ఇచ్చే వంపే దాని ప్రాణం. ప్లాస్టిక్ చాటలో ఆ ఒడుపు రాదని ఇల్లాళ్లకు తెలుసు. బతుకమ్మను పేర్చే సిబ్బి, పెళ్లిళ్లకు కావలసిన బుట్టలు, పందిళ్ల తడకలు ఇప్పటికీ మేదరి చేతి పనులే.

వెదురు దొరకడమే మేదరులకు పెద్ద సమస్య. ఈ చుట్టుపక్కల దట్టమైన వెదురు అడవులు లేవు. దూరం నుంచి రావలసిందే. 1927 నాటి భారత అటవీ చట్టంలో వెదురును చెట్టుగా పేర్కొనడంతో పొలం గట్టున పెంచిన వెదురును నరికి తరలించడానికి కూడా అనుమతులు కావలసి వచ్చేవి. శాస్త్రరీత్యా వెదురు గడ్డిజాతికి చెందినది. 2017 నవంబరులో కేంద్రం తెచ్చిన ఆర్డినెన్సుతో అటవీయేతర భూముల్లోని వెదురుకు ఆ నిబంధన తొలగిపోయింది. అంటే ఫాంహౌస్ కంచె వెంట వెదురు పెంచి అమ్ముకోవడానికి అడ్డు లేదు. మొయినాబాద్‌లో కంచెలకు కొదవ లేదు. వాటి వెంట నాటుతున్నవి మాత్రం ఎక్కువగా అలంకరణ మొక్కలు. గంప అల్లడానికి పనికొచ్చే రకాలను కొద్ది వరుసలు నాటినా మేదరికి ఊళ్లోనే సరుకు దొరికేది.

గొంగడి సంగతి క్లుప్తంగా చెప్పుకోవలసిందే. దక్కనీ జాతి నల్లగొర్రె ఉన్నిని వడికి, కురుమలు గుంట మగ్గంపై నేసి, చింతగింజల గంజి పట్టిస్తే అది చలికి, వానకు తట్టుకునే గొంగడి అయ్యేది. 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకంలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన జీవాలు మాంసానికి పెంచేవే తప్ప ఉన్నికి కావు. కాపరి ఆదాయానికి అది తోడ్పడి ఉండవచ్చు. మగ్గానికి మాత్రం నూలు ఇవ్వలేదు.

పథకాలు ఏం చెబుతున్నాయి?

చేతివృత్తులవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 2027-28 వరకు 13 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, అవుసలి, శిల్పి, చర్మకారులు, గంపలు అల్లేవారు సహా 18 వృత్తులు ఇందులో ఉన్నాయి. గొర్రె ఉన్నితో గొంగడి నేసేవారికి మాత్రం ఆ జాబితాలో విడిగా చోటు లేదు.

పథకం నిబంధనల ప్రకారం అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఇస్తారు. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి ఉంటుంది. పనిముట్ల కోసం రూ.15 వేల వరకు విలువైన వోచరు ఇస్తారు. పూచీకత్తు లేకుండా మొదటి విడత రూ.లక్ష, అది తీర్చాక రెండో విడత రూ.2 లక్షల రుణం లభిస్తుంది. లబ్ధిదారు కట్టవలసిన వడ్డీ 5 శాతం. కుటుంబానికి ఒక్కరికే అర్హత. వయసు 18 ఏళ్లు దాటాలి. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబం అనర్హం.

ఇక్కడ రెండు విషయాలు గమనార్హం. ఒకటి, కుటుంబానికి ఒక్కరే అనడంతో పేరు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. కుమ్మరి ఇంట్లో మట్టి దంచేది, తొక్కేది, కుండలు ఆరబెట్టేది, అంగట్లో అమ్మేది ఎక్కువగా మహిళలే. సారె వద్ద కూర్చున్నవారినే కుమ్మరిగా లెక్కిస్తే సగానికి పైగా పని లెక్కలోకి రాదు. రెండోది, దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామాల్లో పంచాయతీ ద్వారా, పట్టణాల్లో మున్సిపాలిటీ ద్వారా జరగాలని పథకం నిర్దేశించింది. ఆ తర్వాత జిల్లా కమిటీ, ఆపై స్క్రీనింగ్ కమిటీ చూస్తాయి. పంచాయతీగా ఉన్నప్పుడు ఊళ్లో ఎవరు కొలిమి నడుపుతున్నారో సర్పంచుకు ముఖపరిచయం ద్వారానే తెలిసేది. మున్సిపాలిటీలో విలీనమైన గ్రామాల వృత్తిదారులకు అదే గుర్తింపు కాగితాల ద్వారా రుజువు కావాలి.

శిక్షణకు ఎక్కడికో పోవలసిన పని కూడా లేదు. ఇదే రోడ్డుపై నగరం వైపు వెళ్తే రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. అందులో 1999లో ఏర్పాటైన గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టితో, స్థానిక వనరులతో చేసే పనులపై ప్రదర్శనలు, శిక్షణ సాగుతుంటాయి. అక్కడ నేర్పేదాన్ని చేవెళ్ల అంగట్లో అమ్ముడయ్యేలా చేయడమే ఇంకా కుదరని పని.

కొత్త గిరాకీ లేకపోలేదు

ఫాంహౌస్‌లు, రిసార్టులు, నర్సరీలు ఈ ప్రాంతానికి తెచ్చిన నష్టం ఒక వైపుంటే, అవే కొత్త కొనుగోలుదారులు కూడా. పూలకుండీలు, నీటి రంజన్లు, వెదురు తడకలు, గుడిసె కప్పులు, బండి చక్రాల అలంకరణ వారికి కావాలి. వీటిలో చాలా వస్తువులు దూర ప్రాంతాల నుంచి లారీల్లో దిగుతుంటాయి. కారణం ధర ఒక్కటే కాదు. ఒకే కొలతలో ఒకేసారి వందల సంఖ్యలో సరుకు ఇవ్వడం ఒంటరి కుటుంబానికి సాధ్యం కాదు. నలుగురైదుగురు కలిసి ఒకే ఆవం వేసుకుని, ఒకే కొలత కర్ర వాడితే ఆ ఆర్డరు ఇక్కడే ఆగుతుంది. చిలుకూరు బాలాజీ ఆలయానికి వచ్చే భక్తులు ఏడాది పొడవునా ఈ రోడ్డుపై తిరుగుతూనే ఉంటారు. వారి కంట పడేలా స్థానిక వృత్తిదారులకు నీడ, చోటు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

అన్నింటికన్నా ముందు తేలవలసింది మట్టి సంగతి. దీపావళి ప్రమిదల పని దసరా నాటికే ఊపందుకోవాలి. అందుకు కావలసిన మట్టి వేసవిలోనే ఇంటికి చేరి, ఎండి, దంచి సిద్ధంగా ఉండాలి. మృగశిర దాటి చెరువులోకి తొలి వరద చేరితే ఆ ఏడాదికి దారి మూసుకున్నట్లే. ఏ చెరువులో ఏ మూల, ఎంత మట్టి తీసుకోవచ్చో మున్సిపాలిటీ, నీటిపారుదల శాఖ అధికారులు తేల్చి చెప్పడానికి ఏటా ఉండే గడువు ఉగాది నుంచి ఆ తొలి వాన దాకా మాత్రమే.